చావింట్లో కెందూరి (ప్రార్థన చేసి పెట్టే విందు) భోజనాలు ఎవరు పెట్టాలి? (మలేసియా)

షాఆలం_తెలుగోడు: కింద ఫ్లాట్ మలయ్ పెద్దాయన, మేం పాక్‌చిక్ (బాబాయ్) అంటాం, పొద్దున పోయారు, అసర్ నమాజు కాగానే మట్టి చేసేశారు. కబరు మీద గులాబీ నీళ్లు పోసి, సన్నగా తరిగిన పాండాన్ ఆకులు, పూలు చల్లారు. సురావ్‌లో (చిన్న మసీదు) కట్టుకునే చావు ఫండ్ ఉంది కాబట్టి కఫన్ గుడ్డ, గొయ్యి ఖర్చు ఇంటోళ్ల మీద పడలా. కానీ వరసగా మూడు రాత్రులు తహ్లీల్ జపం, ఖురాన్‌లోని యాసీన్ చదవడం, తర్వాత అందరికీ అన్నం. మళ్లీ ఏడు, నలభై, నూరో రోజు అంట. ఆయన భార్య మక్‌చిక్ (పిన్ని) ఏడుస్తూనే బియ్యం లెక్క చెప్తోంది. ఇదేం న్యాయం?

కర్నూలు_ఆడబిడ్డ: న్యాయం కాదు. తన బంధువు జాఫర్ చనిపోతే వాళ్లింటికి మీరే వండి పంపండి అన్నారు ప్రవక్త, అంటే చుట్టుపక్కలోళ్లు పెట్టాలి, చావింటోళ్లు కాదు. మా దగ్గరా ఇదే గోల, నలభయ్యో రోజున చాలీస్వాం అని.

బాగాన్‌దాతో_బాబాయ్: మేం మూడు తరాల నుంచి పేరాక్‌లో మలయ్ ఇళ్ల పక్కనే ఉన్నాం. ఆ అన్నం పోయినోళ్ల పేరున దానం. వండేది ఇరుగుపొరుగే, రేవాంగ్ అంటారు. తెలీకుండా రాయొద్దు.

చూసిపోయేవాడు: నలభై హిందువుల దగ్గర్నుంచి పోయిందే కదా

బాగాన్‌దాతో_బాబాయ్: మనకి పదకొండు, పన్నెండు. నలభై ఎక్కడిదయ్యా?

చూసిపోయేవాడు: ఏదో ఒకటి, మనదే

కంగార్_ఇంజినీర్: మా పెర్లిస్‌లో మిగతా మలయ్ ముస్లింలలా షాఫియీ మజ్‌హబ్‌కే (మత న్యాయ సంప్రదాయం) కట్టుబడాలని లేదు, ఇక్కడ చాలామంది ఈ భోజనాలు పెట్టరు. పాత గొడవే ఇది, 1906లో సింగపూర్‌లో అల్ ఇమామ్ పత్రిక వచ్చినప్పటి నుంచీ కౌమ్ ముడా (సంస్కరణ కోరేవాళ్లు), కౌమ్ తువా (పాత పద్ధతోళ్లు) అని కొట్టుకుంటూనే ఉన్నారు. తల్కీన్ (మట్టి చేశాక కబరు దగ్గర చదివేది) మీద కూడా...

కర్నూలు_ఆడబిడ్డ: టాపిక్ మార్చకండి. బాబాయ్, బియ్యం డబ్బులు ఎవరివి?

బాగాన్‌దాతో_బాబాయ్: ఖర్చుకి ఏడ్చేవాళ్లు చావుకేం ఏడుస్తారమ్మా

కర్నూలు_ఆడబిడ్డ: ఏమన్నారూ? మా అబ్బా పోతే అమ్మ గాజులు కుదవబెట్టి పెట్టాం, రెండొందల మంది తిన్నారు, బిర్యానీలో ఉప్పు తక్కువన్నారు. అమ్మ ఆ నలభై రోజులూ పొయ్యి దగ్గరే, కూర్చుని ఏడవనివ్వలేదు ఆమెని.

బాగాన్‌దాతో_బాబాయ్: తప్పయిపోయిందమ్మా, ఆ మాట అనకూడదు. మా ఆవిడ పోయినప్పుడు పన్నెండో రోజు దాటాక మా గుమ్మం ఎవరూ తొక్కలేదు, పిల్లలు కూడా ఫోనే. ఎదురింట్లో మాత్రం నూరో రోజున వీధి నిండా చెప్పులు. కిటికీలోంచి చూస్తూ కూర్చున్నా.

కర్నూలు_ఆడబిడ్డ: జనం రావాలి బాబాయ్, నేను వద్దన్లేదు. తినడానికే రావాలా? షాఆలం గారూ, మీరు మూడు రాత్రులూ వెళ్లారు కదా, మక్‌చిక్ అన్నం తిన్నదా?

షాఆలం_తెలుగోడు: చూళ్లేదండీ. మగాళ్లం హాల్లో కూర్చున్నాం.