హేడ్రియన్ విల్లా శిల్పాల్లో అతుకులు గుర్తుపట్టడం ఎలా?

అందరికీ నమస్కారం. వచ్చే నెల అమ్మతో కలిసి రోమ్ వెళ్తున్నాను. టివోలి దగ్గరున్న ప్రాచీన రోమన్ చక్రవర్తి హేడ్రియన్ విల్లాకు (ఆయన విశాలమైన భవన సముదాయం, ఇప్పుడు శిథిలాలు) ఒక రోజు, రోమ్‌లోని కాపిటొలైన్ మ్యూజియాలకు ఇంకో రోజు పెట్టుకున్నాం.

నా అసలు సందేహం శిల్పాల గురించి. ఆ మధ్య లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో డిస్కస్ విసిరే యువకుడి పాలరాతి విగ్రహం ముందు చాలాసేపు నిలబడిపోయాను. అది 1791లో ఈ విల్లాలోనే దొరికింది. తల నేల వైపు వంగి ఉంటుంది. నిజానికి వెనక్కి తిరిగి డిస్కస్‌ని చూస్తుండాలి. తవ్వి తీశాక తలను తప్పుగా అతికించారు. ఆ సంగతి తెలిసి కూడా మెడ దగ్గర ఎంత వెతికినా నాకు తేడా సరిగ్గా పట్టుబడలేదు, చాలా బాధనిపించింది.

కాపిటొలైన్‌లో ఉన్న ఎర్రరాతి ఫాన్ (రోమన్ పురాణాల్లో మేక పోలికలున్న వనదేవుడు) విగ్రహం కూడా ఈ విల్లాదే. 18వ శతాబ్దంలో దానికి చాలా భాగాలు కొత్తగా చెక్కి కలిపారు. పాత రాయేదో, తర్వాత చేర్చిందేదో మామూలు కంటికి తెలియాలంటే ఏం చూడాలి? రంగా, నునుపా, ఉలి గుర్తులా? శిల్పకళ చదివినవాళ్లు, రాతిపని తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.

ఇంకొకటి. అమ్మకు మోకాళ్ల నొప్పులు. విల్లా చూస్తే 120 హెక్టార్లు. అందులోని కెనోపస్ అనే కొలను గట్టున ఉన్న రాతి మొసలిని మాత్రం తప్పకుండా చూడాలంటోంది. ఆమెతో నేరుగా అక్కడికే వెళ్లడం మంచిదా? పెద్దవాళ్లను తీసుకెళ్లినవాళ్లు ఉంటే ఎండ, నడక ఎలా ఉంటాయో రాయగలరు.