లాబ్రడార్ పిల్లకీ, పిల్లికీ పచ్చి చికెన్ మొదలెట్టొచ్చా?

ప్రశ్న:
మా ఇంట్లో నాలుగు నెలల లాబ్రడార్ పిల్ల, మూడేళ్ల పిల్లి ఉన్నాయి. కుక్కపిల్లకి ఉడికించిన చికెన్ కలిపిన అన్నం, పిల్లికి పాలన్నం, అప్పుడప్పుడు చేప ముక్క. మా బావమరిది తన కుక్కకి అంతా పచ్చిదే పెడతాడు. "అడవిలో ఎవరు వండి పెడతారు?" అంటాడు. దాని బొచ్చు మాత్రం నిగనిగలాడుతోంది. చికెన్ కొట్టాయన మెడలు, కందనకాయలు చవగ్గా ఇస్తానన్నాడు. ఇంట్లో పాకే బాబు ఉన్నాడు. ఏమంటారు?

జవాబు:
బాబు సంగతి చివర్లో చెప్పారు గానీ, నేనైతే ముందు అదే చూస్తా. పచ్చి కోడిమాంసంలో సాల్మొనెల్లా, కాంపైలోబాక్టర్ ఉండటం మామూలే. కుక్కకి ఏమీ కాకపోవచ్చు, దాని మలంలో మాత్రం ఆ క్రిములు పోతుంటాయి. అది తిరిగిన గచ్చు మీదే మీవాడు పాకుతాడు. డీప్ ఫ్రీజర్లో పెడితే చస్తాయనుకోకండి, సాల్మొనెల్లా తట్టుకుంటుంది.

ఇంకొకరు:
మూడేళ్లుగా మా కుక్కకి పచ్చిదే. మలం తక్కువ, ఒంట్లో హుషారు. మరీ భయపెట్టకండి.

పశువైద్యుడి జవాబు:
మీది ఎదిగిన కుక్క, ఇంట్లో చిన్నపిల్లలు లేరనుకుంటా. ఈయన పరిస్థితి వేరు. అయితే ఆయన ఇప్పుడు వండి పెడుతున్నదీ చాలదండి.

ఉత్త మాంసంలో భాస్వరం ఎక్కువ, కాల్షియం బాగా తక్కువ. నెలల తరబడి అదే పెడితే కుక్కపిల్ల ఒళ్లు తన ఎముకల్లోంచే కాల్షియం లాక్కుంటుంది. కాళ్లు వంకరపోయి, మంచం మీంచి దూకితేనే ఎముక విరిగిన పిల్లల్ని చూశాను. అలాగని టానిక్ మీ అంతట మీరు పోసేయొద్దు, లాబ్రడార్ లాంటి పెద్ద జాతికి కాల్షియం ఎక్కువైనా ఎముకలు, కీళ్లు చెడతాయి. ఏడాది నిండేదాకా పెద్ద జాతి పిల్లల కోసమని రాసి ఉన్న ప్యాకెట్ మేతే మేలు. వండిన ఎముకలు సూదుల్లా చీలతాయి, వేయకండి. పచ్చి మెడ ముక్కయినా గొంతులో అడ్డం పడొచ్చు.

పిల్లికి మాంసంలో దొరికే టారిన్ అనే పోషకం కావాలి. కుక్క ఒంట్లో అది చాలామటుకు తయారవుతుంది, పిల్లికి అంత శక్తి లేదు. పాలన్నంతో ఆ లోటు తీరదు. తక్కువైతే చూపు పోతుంది, గుండె కండరం సాగిపోతుంది. గుండె సంగతి 1987లో అమెరికాలో తేలాకే కంపెనీలు పిల్లి మేతలో టారిన్ పెంచాయి. కోడి గుండెకాయల్లో, తొడ మాంసంలో అది బాగా ఉంటుంది. ఉడికిస్తే నీళ్లలోకి దిగుతుంది కాబట్టి ఆ నీళ్లు పారబోయకండి. అయినా రోజూ తినేది పిల్లుల మేతే కావాలి, ఇవి పైపైన. ఉల్లి, వెల్లుల్లి తగలనివ్వొద్దు.

మరొకరు:
2025 ఫిబ్రవరిలో మా గోదావరి జిల్లాల్లో కోళ్లకి బర్డ్‌ఫ్లూ వచ్చింది. ఆ ఏడాదే మధ్యప్రదేశ్ ఛింద్వాడాలో పెంపుడు పిల్లులకీ సోకింది. పచ్చి కోడి పిల్లికి అసలొద్దు. మటన్ కొట్టు పచ్చి కార్జం కూడా కుక్కకి వేయకండి. అందులో నీటితిత్తులుంటే కుక్క పేగుల్లో బద్దెపురుగులవుతాయి. వాటి గుడ్లు మన కడుపులోకి పోతే మన కార్జంలోనే తిత్తులు కడతాయి.

అడిగినవారు:
మరి బావమరిది కుక్క బొచ్చు?

పశువైద్యుడు:
మాంసంలోని కొవ్వు మహిమ. ఉడికించిన గుడ్డు వారానికి రెండుసార్లు పెట్టి చూడండి.

అడిగినవారు:
గుండెకాయలు తెచ్చి ఉడికించాను. పిల్లి నీళ్లతో సహా నాకేసింది. కుక్కపిల్ల మాత్రం ప్యాకెట్ మేత వాసన చూసి నా కంచం వైపు చూస్తోంది.