మొదటి మౌంటెన్ బైక్ సెకండ్ హ్యాండ్‌లో: ఈ రెండింటిలో ఏది?

కొండదారి:
అందరికీ నమస్కారం. రోడ్డు మీద మామూలు సైకిల్ తొక్కడం అలవాటే, ఈమధ్య మట్టిదారుల మీదికి మనసు పోతోంది. కొత్తది కొనేంత డబ్బు ఇప్పట్లో లేదు. రెండు బళ్లు చూసి పెట్టాను. ఒకటి హార్డ్‌టెయిల్, అంటే ముందు మాత్రమే సస్పెన్షన్ ఉన్నది, 29 అంగుళాల చక్రాలు, చూడ్డానికి సాదాసీదాగా ఉంది. రెండోది ముందూ వెనకా సస్పెన్షన్ ఉన్నది, 26 అంగుళాలు, బాగా పాతది కానీ ఒకప్పుడు ఖరీదైన మోడలట. ధర రెండింటికీ ఇంచుమించు ఒకటే. నిజం చెప్పాలంటే రెండోదే కళ్లలో తిరుగుతోంది. వెళ్లి చూసేటప్పుడు ఏం పరీక్షించాలో చెప్పండి.

గ్రీజుచేతులు:
హార్డ్‌టెయిల్ తీసుకోండి. సైకిళ్లు బాగుచేయడమే నా పని, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. ఫోర్క్ (ముందు చక్రాన్ని పట్టుకునే సస్పెన్షన్ కాళ్లు) కింది భాగంలో నూనె ప్రతి 50 గంటల సవారీకి మార్చమని ఫోర్కులు చేసే రాక్‌షాక్స్ వాళ్లే చెబుతారు. నా దగ్గరికొచ్చే పాత బళ్లలో ఆ పని జరిగినవి చాలా తక్కువ. ఫుల్ సస్పెన్షన్‌లో వెనక షాక్‌కీ సర్వీసు కావాలి, ఫ్రేమ్ కదిలే ప్రతి కీలులోనూ బేరింగులుంటాయి. అన్నీ ఒకేసారి అడిగాయంటే బండి ధరలో పెద్ద వాటా వాటికే పోతుంది. పైగా 2010ల మధ్యకల్లా కొత్త బళ్లు దాదాపుగా 27.5, 29 అంగుళాలకు మారిపోయాయి. 26కి మంచి ఫోర్కులు, టైర్లు వెతుక్కోవాలి.

వెళ్లగానే ముందు ఫోర్క్ దగ్గర కూర్చోండి. మెరిసే పైగొట్టాలను గుడ్డతో తుడిచి, గోరు ఆనించి పైనుంచి కిందికి మెల్లగా లాగండి. రబ్బరు సీలు ఆడే చోట, గొట్టం వెనకవైపు మరీ జాగ్రత్తగా చూడండి. గోరుకు గీత తగిలితే ఆ గీత సీలును కోస్తూనే ఉంటుంది. నూనె బయటికొస్తుంది, మట్టి లోపలికెళ్తుంది. పూత అరిగి రంగు మారిందంటే ఇంకా చేటు. ఆ గొట్టాలు మార్పించే ఖర్చుతో మరో ఫోర్కే వస్తుంది. తర్వాత ముందు బ్రేకు పట్టుకుని హ్యాండిల్ మీద బరువేసి నొక్కండి. సాఫీగా దిగి, టక్కుమనకుండా పైకి రావాలి.

ఆపైన ఫ్రేమ్. బండిని తలకిందులు చేసి వెల్డులన్నీ వెలుతురులో చూడండి. హెడ్ ట్యూబ్ (హ్యాండిల్ కిందుండే ఫ్రేమ్ గొట్టం) కింద, పెడళ్ల ఇరుసు చుట్టూ, సీటు గొట్టం పైఅంచున. వెల్డు పక్కన రంగులో వెంట్రుకంత గీత కనిపించినా వదిలేయండి, ఎంత తగ్గిస్తానన్నా సరే. సీట్ పోస్ట్ (సీటును మోసే కడ్డీ) తప్పనిసరిగా బయటికి తీయించండి, చాలా బళ్లలో అది లోపలే పట్టేసి ఉంటుంది. అడుగున సీరియల్ నంబరు గీకేసి ఉంటే అది దొంగ బండి కావచ్చు, వెనక్కి వచ్చేయండి.

టైర్లు, బ్రేక్ ప్యాడ్లు, గ్రిప్పులు అరిగాయని భయపడకండి. అవి ఎలాగూ మార్చేవే, బేరానికి పనికొస్తాయి.

గుంతలరోడ్డు:
ఒక్క మాట విభేదిస్తాను. సర్వీసు రసీదులు చూపించగలిగితే పాత ఫుల్ సస్పెన్షన్ బండీ మంచిదే. రసీదులు లేకపోతే మాత్రం గ్రీజుచేతులు గారి మాటే వినండి. అన్నట్టు, సైజు గురించి ఎవరూ అనలేదు. టాప్ ట్యూబ్‌కు, అంటే ఫ్రేమ్ పై అడ్డగొట్టానికి, అటూ ఇటూ కాళ్లు పెట్టి నిలబడితే కొంత ఖాళీ మిగలాలి. సైజు కుదరని బండి ఎంత చవకైనా వద్దు.

కొండదారి:
హార్డ్‌టెయిల్ చూసొచ్చాను. సైజు సరిపోయింది. ఫోర్క్ గొట్టాలు నున్నగా ఉన్నాయి, సీట్ పోస్ట్ తేలిగ్గానే వచ్చింది. బ్రేకు పట్టి ముందుకూ వెనక్కూ ఊపితే హ్యాండిల్ కింద కాస్త ఆడుతోంది. స్కేలు పెట్టి చైన్ కొలిచాను, పన్నెండు జతల లింకులు 12 అంగుళాల మీద ఇంకో అంగుళంలో ఎనిమిదో వంతు వచ్చాయి. తీసుకోవచ్చా?

గ్రీజుచేతులు:
భలే చూశారు! తీసుకోండి. కొత్త చైన్ అయితే సరిగ్గా 12 రావాలి. ఇంత సాగిందంటే వెనక కాసెట్ (గేర్ల పళ్లచక్రాల కట్ట) పళ్లు కూడా అరిగిపోయి ఉంటాయి, కొత్త చైన్ వాటి మీద జారుతుంది. కాబట్టి చైన్, కాసెట్ రెండింటి ఖర్చూ ధరలోంచి తగ్గించమనండి. హ్యాండిల్ దగ్గర ఆడేది హెడ్‌సెట్ (హ్యాండిల్ తిరిగే చోటి బేరింగులు) వదులు. హ్యాండిల్‌ను ఫోర్క్‌కు పట్టే స్టెమ్ పక్క బోల్టులు వదులు చేసి, పై బోల్టు కొద్దిగా బిగించి, మళ్లీ పక్కవి బిగిస్తే చాలావరకు పోతుంది. బిగించాక కూడా ఆడితే బేరింగులు చూడాలి. ఇంకొకటి, ఫ్రేమ్‌లోకి దూరే ఫోర్క్ గొట్టం (స్టీరర్) కింది చివర వెడల్పుగా ఉండే టేపర్డ్ రకమో, మొత్తం ఒకే మందమో అడిగి తెలుసుకోండి. టేపర్డ్ అయితే రేపు మంచి ఫోర్క్ వేయాలన్నా సులువుగా దొరుకుతుంది.