ఐదు అచ్చులూ తలకిందుల వరుసలో వచ్చే ఆంగ్ల పదాలను వెతకడం ఎలా?

ఆంగ్లంలో ఏ, ఈ, ఐ, ఓ, యూ అనే ఐదు అక్షరాలూ ఒక్కొక్కసారి మాత్రమే వచ్చే పదాలను సేకరిస్తున్నాను. 'ఎడ్యుకేషన్' అందరికీ తెలిసినదే. ఏడే అక్షరాల 'సెకోయా' అనే చెట్టు పేరు దొరికినప్పుడు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. 'ఫెసీషస్' పదంలో ఇవి వరుస తప్పకుండా వస్తాయి. యూ నుండి ఏ వరకు తలకిందులుగా వచ్చేవాటిలో మాత్రం నాకు 'సబ్‌కాంటినెంటల్' ఒక్కటే తట్టింది.

నా దగ్గర వరుసకొక పదం చొప్పున ఉన్న టెక్స్ట్ ఫైలులో, ఒక్కో అక్షరానికి ఒకసారి గ్రెప్ (ఫైలులో కోరిన అక్షరాలున్న వరుసలను వెతికిపెట్టే కమాండు) నడిపి, ఐదూ ఉన్న పదాలను వడగట్టగలిగాను గాని, ఏ అచ్చూ రెండోసారి రాకూడదన్న నిబంధనను, ఈ తలకిందుల వరుసను కలిపి, వెతకాల్సిన అక్షరాల నమూనాను తెలిపే ఒకే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌గా ఎలా వ్రాయాలో తెలియడం లేదు. తెలిసినవారు దానిని, అందులోని ప్రతి భాగం చేసే పనితో సహా, దయచేసి వివరించగలరా? వై అక్షరం ఎక్కడ వచ్చినా అభ్యంతరం లేదు.