న్యూయార్క్ ర్యాప్‌కి మళ్లీ ఆ రోజులొస్తాయా? రావనే నేనంటాను

బోరబండ_బీట్స్:

మా ఫ్రెండ్స్‌లో చాలా రోజులుగా నలుగుతున్న గొడవ ఇది, ఇక్కడ పెడుతున్నాను. తొంభైల్లో ఉన్న స్థాయికి న్యూయార్క్ ర్యాప్ మళ్లీ చేరుతుందా? చేరదు అన్నది నా మాట. ఆ సంగీతమంటే నాకు ప్రాణం. అయినా ఇదే చెప్తాను.

హిప్‌హాప్ పుట్టిందే అక్కడ. 1973 ఆగస్టు 11న బ్రాంక్స్‌లో, సెడ్జ్‌విక్ అవెన్యూ 1520 నంబరు బిల్డింగులో, చెల్లెలు సిండీ స్కూలు బట్టల డబ్బు కోసం పెట్టిన పార్టీలో డీజే కూల్ హెర్క్ రికార్డులు తిప్పాడు. అక్కడి నుంచే అందరూ లెక్క మొదలుపెడతారు. ఇరవై ఏళ్ల తర్వాత చూడండి: 1993 నవంబరులో వూ-టాంగ్ క్లాన్, 1994 ఏప్రిల్‌లో నాస్, అదే సెప్టెంబరులో నొటోరియస్ బి.ఐ.జి., 1996లో జే-జీ. నలుగురివీ మొదటి ఆల్బమ్‌లే. మూడేళ్లలో, ఒక్క ఊరి నుంచి.

మరి ఎందుకు పోయింది? టాలెంట్ తగ్గిందంటే నేను నమ్మను. సౌండుకి ఆధారం పోయింది. నాస్ ఆల్బమ్ ఇల్‌మ్యాటిక్‌నే హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. నలభై నిమిషాలు కూడా ఉండదు. ఒక పాటకి బీట్ కట్టిన పీట్ రాక్, అహ్మద్ జమాల్ పియానో లోంచి చిన్న ముక్క తీసి తిప్పాడు. ఇంకో పాట చివర నాస్ తండ్రి ఒలు దారా స్వయంగా కార్నెట్ ఊదాడు. తండ్రి తరం జాజ్ మీద కొడుకు మాట పడింది. మాటల నిండా వాళ్లుండే క్వీన్స్‌బ్రిడ్జ్ క్వార్టర్సే. ఆ కాలపు న్యూయార్క్ సౌండు మొత్తం ఇలా పాత రికార్డుల మీద నిలబడింది. 1991 డిసెంబరులో ర్యాపర్ బిజ్ మార్కీ కేసులో అక్కడి ఫెడరల్ కోర్టు, అడక్కుండా శాంపిల్, అంటే వేరేవాళ్ల రికార్డులోంచి ముక్క, తీసుకుంటే దొంగతనమేనని తీర్పిచ్చింది. అప్పట్నుంచి ప్రతి ముక్కకీ పర్మిషన్, ప్రతి పర్మిషన్‌కీ డబ్బు. పెద్ద లేబుల్ వెనకున్నవాడు కడతాడు. గల్లీలో కొత్తగా మొదలుపెట్టిన పిల్లాడు ఎక్కడ తెస్తాడు? అటు అట్లాంటా, మెంఫిస్ కుర్రాళ్లు డ్రమ్ మెషీన్, కీబోర్డు పెట్టుకుని బీట్ సొంతంగా కట్టుకున్నారు. ఎవరికీ బాకీ లేదు.

1995లో న్యూయార్క్‌లో జరిగిన సోర్స్ అనే ర్యాప్ పత్రిక అవార్డుల్లో అట్లాంటా జోడీ ఔట్‌కాస్ట్‌కి కొత్త గ్రూపు అవార్డు వస్తే హాల్లో జనం గోల చేశారు. జోడీలో ఒకడైన ఆండ్రే మైకు పట్టుకుని, సౌత్ వాళ్లం చెప్పాల్సింది ఉంది అన్నాడు. తర్వాత ఇరవై ఏళ్లు వాళ్లే చెప్పారు, అందరూ విన్నారు. న్యూయార్క్ పోగొట్టుకున్న ఆ పెద్ద కుర్చీ మళ్లీ దొరకదు.

కూకట్‌పల్లి_స్వప్న:

అన్నా, లాస్ ఏంజెలిస్ సంగతేంటి మరి? వెస్ట్ కోస్ట్ పనైపోయిందని 2000ల్లో ఇలాగే అన్నారు. 2012లో కెండ్రిక్ లామార్ వచ్చాడు. 2018లో పులిట్జర్ అందుకున్నాడు, జాజ్, క్లాసికల్ కాకుండా వేరే సంగీతానికి ఆ బహుమతి రావడం అదే మొదటిసారి. 2024 జూన్ 19న ఇంగిల్‌వుడ్‌లో కచేరీ పెట్టి ఊళ్లోని ర్యాపర్లెందరినో, ఒకరి పొడ ఒకరికి గిట్టని గ్యాంగుల వాళ్లతో సహా, ఒకే స్టేజీ ఎక్కించాడు. ఆ ఏడాది అందరి నోటా నానిన అతని పాటకి బీట్ కట్టిన మస్టర్డ్ కూడా అక్కడివాడే. 2025 ఫిబ్రవరిలో దానికి ఐదు గ్రామీలు, వారం తిరిగేసరికి అమెరికా ఫుట్‌బాల్ ఫైనల్ సూపర్‌బౌల్ స్టేజీ. ఒక ప్రాంతం పాత వైభవం తెచ్చుకోవడం అంటే ఇది కాదా? లాస్ ఏంజెలిస్‌కి సాధ్యమైంది న్యూయార్క్‌కి ఎందుకు కాదు?

రేడియో_మూర్తి:

బీట్స్ తమ్ముడూ, నీ తీర్పు లెక్క నాకు కుదరడం లేదు. కోర్టు చెప్పింది 1991లో. నువ్వు పేర్చిన గొప్ప ఆల్బమ్‌లన్నీ 1993 తర్వాతివి. శాంపిల్ ఖరీదు పెరిగాకే ఆ సంగీతం శిఖరానికి చేరింది. కారణం వేరే చోట వెతకాలి.

నేను రేడియో వైపు చూస్తాను, ఆ రంగంలో కొంతకాలం పనిచేశాను కాబట్టి. అమెరికాలో ఒక కంపెనీకి దేశం మొత్తమ్మీద నలభై స్టేషన్లకు మించి ఉండకూడదని పరిమితి ఉండేది. 1996 టెలికమ్యూనికేషన్స్ చట్టం దాన్ని ఎత్తేసింది. కొన్నేళ్లలో క్లియర్ ఛానల్ అనే ఒక్క కంపెనీ చేతికి పన్నెండు వందలకు పైగా స్టేషన్లు వచ్చాయి. ఏ ఊళ్లో ఏ పాట వెయ్యాలన్నది ఆ ఊరి డీజే చేతిలోంచి జారిపోయింది. పాటల లిస్టు పైనుంచి వస్తుంది, అన్ని ఊళ్లలోనూ అవే పాటలు. ఎఫ్ఎంలో కూర్చున్నవాళ్లకి ఇది ఎలా ఉంటుందో తెలుసు. ఫోన్ చేసిన శ్రోత ఒక లోకల్ పాట అడుగుతాడు, సిస్టమ్‌లో ఆ పాట ఉండదు, ఇంకోటి వేస్తానండీ అని చెప్పాల్సొస్తుంది. ఇలా రోజూ జరిగితే ఆ ఊరి కుర్రాడు ఊరి కోసం పాట కట్టడం మానేస్తాడు. లిస్టు కోసం కడతాడు.

ఇంకొక మాట. 1994లో న్యూయార్క్ ఒక్కటే వెలిగిపోయిందనడం కూడా కరెక్టు కాదు. 1992 డిసెంబరులోనే డాక్టర్ డ్రె ఆల్బమ్‌తో కాలిఫోర్నియా ముందుకెళ్లింది. న్యూయార్క్ గొప్పతనమంతా ఆ పోటీలో పుట్టింది. ఎదుటివాడు గట్టివాడు కాబట్టే వీళ్లు అంత రాశారు.

బోరబండ_బీట్స్:

మూర్తి గారూ, తీర్పు దెబ్బ ఒక్కరోజులో తగలదు కదండీ. 1993లో లేబుళ్ల దగ్గర డబ్బుంది, క్లియరెన్స్ రేట్లు ఇంకా చేతికందేవి. దెబ్బ తగిలింది తర్వాత వచ్చిన పిల్లలకి. రేడియో మాట మాత్రం నా వాదనకే బలం. ఊరి రేడియో ఊరి చేతికి రాకుండా ఊరి సంగీతం ఎలా తిరిగొస్తుంది?

స్వప్నా, కెండ్రిక్ విషయంలో నీ మాటకి అడ్డు లేదు. కానీ న్యూయార్క్‌లో అలాంటి మనిషి ఎవరున్నారో చెప్పు.

మౌలాలి_కార్తీక్:

కార్డి బి. బ్రాంక్స్ అమ్మాయి. 2017లో బిల్‌బోర్డ్ నంబర్ వన్. ఆడవాళ్లని లెక్కలోకి తీసుకోకుండా ఊరు చచ్చిపోయిందని రాసేస్తున్నారు.

పాతబస్తీ_808:

నా పేరులోనే 808 ఉంది కాబట్టి ముందు ఆ సంగతి. డ్రమ్ మెషీన్‌తో సౌత్ గెలిచింది, శాంపిల్‌తో న్యూయార్క్ ఓడింది అంటున్నావు భాయ్. రోలాండ్ కంపెనీ 808 అనే డ్రమ్ మెషీన్‌ని 1980లో మార్కెట్లోకి తెచ్చి మూడేళ్లకే ఆపేసింది. హిప్‌హాప్‌లో దాన్ని మొదట దుమ్మురేపింది బ్రాంక్స్ వాళ్లే, 1982లో ఆఫ్రికా బంబాటా ప్లానెట్ రాక్ పాటతో. అది అక్కణ్నుంచి మయామీకి, అట్లాంటాకి పోయింది. సౌండ్ ఏ ఊరి సొత్తూ కాదు. పోతుంది, మారి తిరిగొస్తుంది.

తిరిగొచ్చింది కూడా. డ్రిల్ అనే ర్యాప్ తీరు షికాగోలో పుట్టింది. లండన్ వెళ్లి అక్కడ జారే బేస్ పట్టుకుంది. ఆ లండన్ బీట్ మీద 2019లో బ్రూక్లిన్‌లోని కనార్సీ కుర్రాడు పాప్ స్మోక్ గొంతు పెట్టాడు. ఆ గొంతు విన్నారా? గరుకుగా, లోతుగా, ఒక్కో మాట చివర కొంచెం ఈడుస్తూ. బీట్ కట్టిన 808మెలో లండన్ అబ్బాయి, అయినా ఆ పాట వింటే బ్రూక్లిన్ తప్ప ఇంకే ఊరూ గుర్తురాదు. పదిహేనేళ్ల తర్వాత న్యూయార్క్ మళ్లీ న్యూయార్క్‌లా వినిపించింది.

మరి ఏమైంది? 2019 అక్టోబరులో క్వీన్స్‌లో జరగాల్సిన రోలింగ్ లౌడ్ ఫెస్టివల్ నుంచి ఐదుగురు లోకల్ ర్యాపర్లను తీసేయమని పోలీసులు నిర్వాహకులకి లెటర్ రాశారు, తీసేశారు. ఆ ఐదుగురిలో పాప్ స్మోక్ ఉన్నాడు. సొంతూళ్లో పెద్ద స్టేజీ దక్కలేదు. నాలుగు నెలలకి, 2020 ఫిబ్రవరి 19న, లాస్ ఏంజెలిస్‌లో అతన్ని కాల్చి చంపారు. ఇరవై ఏళ్లు. 2022లో అప్పటి మేయరే డ్రిల్ వీడియోల గురించి సోషల్ మీడియా కంపెనీలతో మాట్లాడతానన్నాడు. పాటల్లో హింస లేదని నేననను. ఉంది, దాని వల్ల పిల్లలు పోయారు కూడా. కానీ స్టేజీ తీసేస్తే హింస తగ్గదు, స్టేజీ మాత్రమే పోతుంది. న్యూయార్క్ ర్యాప్ లేవలేదు అనకండి. లేచినప్పుడు దానికి నిలబడే చోటు లేకుండా చేశారు.

కూకట్‌పల్లి_స్వప్న:

808 భాయ్ చెప్పిందే కెండ్రిక్ విషయంలోనూ నిజం. అతని వెనక మొదట్నుంచీ 2022 దాకా ఒక లోకల్ కంపెనీ ఉండేది, టాప్ డాగ్. రికార్డు చేసుకోవడానికి కార్సన్‌లో వాళ్లదే స్టూడియో ఉండేది. మనిషొక్కడే రాలేదు, వెనకాల ఒక ఇల్లుంది. బీట్స్ అన్న మనిషిని అడుగుతున్నాడు, నేను ఇంటిని అడుగుతాను.

రేడియో_మూర్తి:

చాలా మంచి మాట అమ్మా. అట్లాంటాలో కూడా 1989లోనే లాఫేస్ రికార్డ్స్ అనే కంపెనీ మొదలైంది. సంతకం పెట్టడానికి ఔట్‌కాస్ట్ పిల్లలు న్యూయార్క్ ఫ్లైటెక్కాల్సిన పని పడలేదు.

మౌలాలి_కార్తీక్:

అందరికీ ఒక ప్రశ్న. కనార్సీ వీధుల సంగతి ఇంత తెలిసిన మనం మన ఊరి గురించి ఎప్పుడైనా ఇలా కూర్చుని మాట్లాడుకున్నామా? తెలుగు ర్యాప్‌లో నోయెల్, రోల్ రైడా ఎన్నో ఏళ్లు కష్టపడ్డారు. ఇంట్లో మా అమ్మకి వాళ్ల పేర్లు తెలిసింది బిగ్‌బాస్‌తో, ఒకరు 2018లో, ఒకరు 2020లో. రాహుల్ సిప్లిగంజ్ సొంతంగా వీడియోలు చేసుకుంటూ హైదరాబాద్ గల్లీ భాషలో పాడిన మనిషి. 2023 మార్చిలో ఆస్కార్ స్టేజీ మీద పాడాడు, గర్వంగా ఉంది, కళ్లలో నీళ్లొచ్చాయి. కానీ అది సినిమా పాట. మన దగ్గర గట్టిగా పాడే ప్రతివాణ్నీ సినిమా పట్టుకుపోతుంది. పోయినవాళ్లని తప్పుపట్టను, ఇల్లు గడవాలి. అయితే ఊరికి సొంత ర్యాప్ సీన్ అనేది మిగలాలంటే వెళ్లేవాళ్లతో పాటు ఉండిపోయేవాళ్లు కూడా కావాలి కదా.

బెంగళూరులో ఉంటూ, హ్యూస్టన్‌లో పెరిగిన యాసతో హనుమాన్‌కైండ్ 2024లో అమెరికా చార్టుల్లోకి వెళ్లాడు. సినిమా పాట కాదది. మనకెందుకు రాదు?

పాతబస్తీ_808:

కార్తీక్ భాయ్, మనకి ర్యాప్ సీన్ లేదంటే ఒప్పుకోను. వెతికే చోట తేడా ఉంది. ఇంగ్లీషు చదువుకున్న మనం కెఫేల్లో, ఓపెన్ మైకుల్లో వెతుకుతాం. పాట బతికేది బరాత్‌లో. పెళ్లికొడుకు కారు ముందు తీన్మార్ మొదలైతే నడుం నొప్పి అన్న మేనమామ కూడా ఆగడు. ఆ జనం ముందు పాట పాసైతే పాసైనట్టే, ఫెయిలైతే రెండో నిమిషంలో డీజేవాడు మార్చేస్తాడు. అట్లాంటాలో కొత్త పాటని క్లబ్బు డీజేల చేతికిచ్చి జనం ఎలా ఆడుతున్నారో చూసేవాళ్లు. మన క్లబ్బు బరాత్. తెలంగాణ జానపద పాటల వాళ్లు ఈ సంగతి ఎప్పుడో గ్రహించారు. యూట్యూబ్‌లో పెడతారు, సినిమా వాళ్ల గుమ్మం ఎక్కకుండానే ఊరూరా మోగుతాయి. తర్వాత సినిమా వాళ్లే వెతుక్కుంటూ వస్తున్నారు. ర్యాప్ చేసేవాళ్లు మాత్రం ఇంకా అమెరికా బీట్ డౌన్‌లోడ్ చేసుకుని మీద తెలుగు మాటలు పరుస్తున్నారు. డప్పు పక్కనే ఉంది, దక్కనీ నోట్లోనే ఉంది, ఒగ్గు కథ చెప్పేవాడి దమ్ము కళ్లెదుటే ఉంది. గద్దర్ డప్పు మీద మాట వేసే తీరు విన్నవాడికి ఫ్లో ఏంటో క్లాసు చెప్పాలా?

స్టేజీ సంగతి మన దగ్గరా ఉంది. 2024 అక్టోబరులో మన సిటీ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించారు. చప్పుడుకి ముసలివాళ్లు, హార్ట్ పేషెంట్లు ఎంత బాధపడతారో మా ఇంటి కిందే చూశాను, ఆ నిర్ణయం ఎందుకొచ్చిందో అర్థమవుతుంది. ఒకచోట ఆపినప్పుడు ఇంకోచోట తెరవాలి. తెరిచారా?

కూకట్‌పల్లి_స్వప్న:

బరాత్‌లో ఆడపిల్ల మైకు పట్టుకోగలదా భాయ్? నేను ర్యాప్ రాస్తాను. బంజారాహిల్స్ లామకాన్ లాంటి చోట నిలబడి పాడగలను, నన్నెవరూ తోసెయ్యరు. రాత్రి పదకొండింటికి రోడ్డు మీద తాగినవాళ్ల మధ్య పాడలేను. మీరు చెప్పే జనం పరీక్షలో నాకు హాల్ టికెట్టే లేదు. నాకు కెఫేలూ కావాలి, బస్తీ కమ్యూనిటీ హాళ్లూ కావాలి.

పాతబస్తీ_808:

అక్కా, అది న్యాయమైన ప్రశ్న. ఇప్పటికైతే పట్టుకోలేదు. కమ్యూనిటీ హాలు మాట నాకు నచ్చింది.

బోరబండ_బీట్స్:

అందరివీ రెండుసార్లు చదివాను. న్యూయార్క్ కుర్చీ విషయంలో నా మాట మారలేదు. దేశం మొత్తం ఒక్క ఊరి వైపు చెవి పెట్టుకుని కూర్చునే రోజులు పోయాయి, అట్లాంటాకి కూడా అవి దక్కవిక. గొంతు విషయంలో మాత్రం 808 వైపే ఉన్నాను. ఇప్పుడు బ్రాంక్స్ డ్రిల్‌లో పాత పాటల శాంపిళ్లు మళ్లీ వినిపిస్తున్నాయి. క్యాష్ కొబైన్ బీట్లు వినండి, బేస్ మెత్తగా ఉంటుంది, పైన ఎవరిదో పాత ఆర్ అండ్ బీ ముక్క తిరుగుతుంటుంది. యాభై ఏళ్ల కిందట హెర్క్ పట్టుకున్నది కూడా పాత రికార్డునే. కుర్చీ లేకపోయినా ఊరికి తన గొంతు ఉంటుంది, నాకు అది చాలు.

మన సంగతి. స్వప్న అడిగిన హాలు గురించి మా బస్తీ కమిటీ వాళ్లతో మాట్లాడతాను. నెలకో సాయంత్రం, రాత్రి తొమ్మిదికల్లా అయిపోవాలి, సినిమా పాటలు ఉండకూడదు, ఆడపిల్లల పేర్లు లిస్టులో ముందుండాలి. మూర్తి గారూ, సౌండ్ సంగతి మీరు చూసిపెడతారా? 808, డప్పు వాయించేవాళ్లెవరైనా తెలిస్తే నెంబరు ఇక్కడ పెట్టకు, నాకు మెసేజ్ చెయ్యి.