బ్లూటూత్ కిట్ పెట్టించిన తరువాత బ్యాటరీ దిగిపోతోంది, స్పీకర్లలో ఈల వస్తోంది

ప్రశ్న (హనుమకొండ నుంచి)

అందరికీ నమస్కారం. నా కారు 2011 నాటిది. దాని స్టీరియోలో బ్లూటూత్ లేదు. వారాంతాల్లో జనగామ, భువనగిరి మీదుగా హైదరాబాదు వెళ్లేటప్పుడు ఫోను చేతితో తీయవలసిన అవసరం ఉండకూడదని, నెల కిందట స్టీరియో వెనుక హ్యాండ్స్‌ఫ్రీ కిట్ ఒకటి బిగించుకున్నాను. వైరింగు ఇక్కడి ఒక దుకాణంలో అరగంటలో ముగించారు. అప్పటి నుంచి సోమవారం నిలిపిన బండి శనివారం ఉదయం సెల్ఫ్ తీసుకోవడం లేదు. పైగా మాట్లాడుతుండగా స్పీకర్లలో సన్నని ఈల వినిపిస్తుంది, ఎక్సలేటరు తొక్కిన కొద్దీ దాని స్వరం పెరుగుతుంది. అవతలివారేమో గాలి హోరులో నా మాట కలిసిపోతోందంటున్నారు. కిట్టే చెడ్డదా, లేక ఫిట్టింగులో లోపమా? దుకాణంవారు మాత్రం బ్యాటరీ మార్చమంటున్నారు.

జవాబు 1 (కాజీపేట నుంచి)

తమ్ముడూ, తొందరపడి బ్యాటరీ కొనకండి. కిట్ నుంచి వచ్చే పసుపు వైరుకు ఎప్పుడూ 12 వోల్టులు ఉండాలి, ఎర్ర వైరుకు తాళం తిప్పినప్పుడే రావాలి, నల్లది ఎర్త్. కిట్ తాళంతో పాటు నిద్రపోవాలంటే ఆ ఎర్ర వైరే దానికి గుర్తు. అది కూడా నేరుగా బ్యాటరీ లైనుకు కలిస్తే కిట్ రాత్రింబగళ్లు మేలుకొనే ఉంటుంది. అలా అది 0.2 ఆంపియర్లు తాగుతోందనుకుంటే రోజుకు 4.8, అయిదు రోజులకు 24 ఆంపియర్-అవర్లు పోతాయి; చిన్న కార్లలో సాధారణంగా ఉండే 35 ఆంపియర్-అవర్ల బ్యాటరీకి, అందులోనూ పాతదానికి, సెల్ఫ్ కొట్టే బలం ఇక ఎక్కడ మిగులుతుంది?

తాళం చెవి బయటికి తీసి, వోల్టేజి కొలిచే మల్టీమీటరు నల్ల పిన్నును ఇంజను లోహానికి, ఎర్ర పిన్నును కిట్ ఎర్ర వైరు జాయింటుకు ఆనించి చూడండి. అప్పుడూ 12 చూపిస్తే దొంగ దొరికినట్టే. ఐఎస్‌ఓ కప్లరులో (స్టీరియో వెనుక వైర్లు కలిసే ప్లగ్గు) మామూలుగా 4వ పిన్నుకు నిరంతర కరెంటు, 7వ దానికి తాళం కరెంటు వస్తాయి, కానీ కొన్ని బండ్లలో ఇవి తారుమారుగా ఉంటాయి. అందుకే చాలా కప్లర్లలో పసుపు, ఎర్ర వైర్ల మధ్యలో ఊడదీసి అటుదిటు కలుపుకునే జాయింట్లు పెడతారు. రంగును నమ్మి బిగించేవాళ్లు వాటిని చూడనే చూడరు.

జవాబు 2 (కరీంనగర్ నుంచి)

ఎక్సలేటరుతో పాటు పెరిగే ఈల సాధారణంగా ఆల్టర్నేటరుది, అంటే ఇంజనుతో తిరుగుతూ బ్యాటరీని ఛార్జ్ చేసేదానిది. నల్ల వైరును రంగు పూసిన పట్టీకి బిగించి ఉంటే ఎర్త్ సరిగా అందక ఆ ఈల స్పీకర్లలోకి వస్తుంది. అక్కడ రంగును మెరిసే లోహం కనబడేదాకా గీకి, వీలైతే స్టీరియో ఎర్త్ ఉన్న బోల్టుకే కిట్ వైరునూ కలపండి. మైకు ఏసీ గాలి వచ్చే చోట ఉంటే హోరు తప్పదు కనుక దాన్ని లోపలి అద్దం పక్కకు, నోటికి ఎదురుగా ఉండేలా మార్చండి. ముందు అద్దం పక్క పిల్లరులో (నిలువు స్తంభంలో) కర్టెన్ ఎయిర్‌బ్యాగు ఉన్న బండిలో మాత్రం మైకు వైరును దానికి అడ్డంగా నడపవద్దు.

జవాబు 3 (వరంగల్ నుంచి)

ఇంత తంటా ఎందుకని సిగరెట్ లైటర్‌లో పెట్టే ఎఫ్‌ఎం ట్రాన్స్‌మిటరు (ఫోను మాటను స్టీరియో రేడియోకు పంపేది) నేనూ వాడాను. ఘట్‌కేసర్ దాటేదాకా బాగుండేది, ఆ తరువాత హైదరాబాదు స్టేషన్లు మా ఇంటావిడ మాటల మీదే పాటలు వేసేవి. మీ కిట్టే మేలు, దాన్నే సరిచేయించుకోండి. చేతిలో ఫోను పట్టుకుని మాట్లాడుతూ దొరికితే, మోటారు వాహనాల చట్టానికి 2019 సవరణ తరువాత దాని 184వ సెక్షను కింద మొదటిసారికే 1,000 నుంచి 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు.

ప్రశ్న అడిగినవారి జవాబు

కాజీపేట అన్నగారు చెప్పినట్టే తాళం తీసినా ఎర్ర వైరు మీద 12.4 చూపించింది. జాయింట్లు అటుదిటు మార్చగానే, తాళం తీయడంతోనే కిట్ దీపం ఆరిపోయింది. గత శనివారం బండి మొదటి తిప్పుకే లేచింది. నల్ల వైరు నిజంగానే నల్లరంగు పూసిన క్లాంపు మీద ఉంది. గరుకు కాగితంతో గీకి బిగిస్తే ఈల దాదాపు పోయింది. మైకు మార్చాక అవతలివారి ఫిర్యాదూ లేదు. కాస్త మిగిలిన ఈల ఫోను ఛార్జింగులో ఉన్నప్పుడే వస్తోందని నిన్న గమనించాను, ఛార్జరు తీస్తే నిశ్శబ్దం. వేరే ఛార్జరు పెట్టి చూసి మళ్లీ రాస్తాను.