ఏబ్రమ్స్ ఉక్రెయిన్‌లో ఓడిపోయినట్టేనా?

కృష్ణాతీరం: అమెరికా 2023లో ఉక్రెయిన్‌కు 31 ఎం1ఏ1 ఏబ్రమ్స్ ట్యాంకులు ఇచ్చింది. 2024 ఫిబ్రవరిలో తూర్పు ఉక్రెయిన్‌లోని అవ్‌దీవ్‌కా దగ్గర మొదటిది పోయింది. డ్రోన్ల దెబ్బకు వాటిని ముందు వరస నుంచి వెనక్కి తీశారని ఏప్రిల్‌కల్లా వార్తలొచ్చాయి. కోట్ల ఖరీదు చేసే ట్యాంకును వేల రూపాయల డ్రోన్ ఆపేస్తోంది. ట్యాంకుల కాలం అయిపోయిందని నా వాదన. కాదంటే ఎందుకో చెప్పండి.

టర్రెట్: ట్యాంక్ కాలిపోయిందా లేదా అన్నది తర్వాత. లోపలున్న నలుగురూ ఏమయ్యారు? నేను ముందు అడిగేది అదే.

ఏబ్రమ్స్‌లో గుండ్లు ఎక్కువ భాగం టర్రెట్ (ఫిరంగి ఉండే, పైన తిరిగే భాగం) వెనక అరలో ఉంటాయి. అరకీ మనుషులకీ మధ్య పక్కకు జరిగే ఉక్కు తలుపు ఉంటుంది. ఫిరంగిలో గుండు పెట్టే లోడర్ మోకాలితో మీట నొక్కితే తెరుచుకుంటుంది, గుండు తీశాక మూసుకుంటుంది. అర పైకప్పు పలకల్ని మాత్రం కావాలనే బలహీనంగా బిగించారు. గుండ్లు అంటుకుంటే ఆ పలకలు ఎగిరిపోతాయి, మంట పైకి పోతుంది. టర్రెట్ వెనక నుంచి మంట లేస్తున్న ఫోటో చూసి మనం ‘అయిపోయింది’ అనుకుంటాం. మంట అలా బయటికి పోయి లోపలివాళ్లు బతకాలనే ఆ పలకలు పెట్టారు.

సోవియట్ యూనియన్ చేసిన టీ-72 ట్యాంకులో గుండ్లు టర్రెట్ కింద చుట్టూ పేర్చి ఉంటాయి. గన్నర్, కమాండర్ కూర్చునేది వాటి పైనే. గుండు ఎక్కించే పని యంత్రానిది కాబట్టి ముగ్గురు చాలు, ట్యాంక్ కూడా చిన్నది, తేలిక. కానీ లోపల గుండ్లు పేలితే టర్రెట్టే లేచి అవతల పడుతుంది.

కృష్ణాతీరం: మనుషులు బతకడం ముఖ్యమే, కాదనను. కానీ ట్యాంక్ తీసుకెళ్లేది గెలవడానికి కదా?

పాతఇంజిన్: ఏబ్రమ్స్ పేరు మోగింది 1991 గల్ఫ్ యుద్ధంలో, ఇరాక్ ఎడారిలో జరిగిన 73 ఈస్టింగ్ పోరుతో. ఫిబ్రవరి 26న ఇసుక తుఫానులో అమెరికా కెప్టెన్ మెక్‌మాస్టర్ దళం 23 నిమిషాల్లో 28 ఇరాకీ ట్యాంకుల్ని ధ్వంసం చేసింది. వేడిని పసిగట్టి గురి చూసే పరికరం ఉండటం వల్ల వీళ్లకు అవతలివాళ్లు కనబడ్డారు, వాళ్లకు వీళ్లు కనబడలేదు. అవతలున్నవి ఎగుమతి కోసం నాసిగా చేసిన టీ-72లు. పైగా ఆకాశమంతా అమెరికాదే. ఏబ్రమ్స్‌లోని 1500 హార్స్‌పవర్ టర్బైన్ ఇంజిన్, ట్యాంక్ నిలబడి ఉన్నా ఇంధనం తాగుతూనే ఉంటుంది. ట్యాంకులో దాదాపు 1,900 లీటర్లు పడుతుంది. వెనకాలే ట్యాంకర్ల బారు ఉండాలి. ఆ ఏర్పాటేదీ లేకుండా 31 ట్యాంకులిచ్చి ఫలితం అడగడం న్యాయం కాదు.

టర్రెట్: ఈ మాట ఒప్పుకుంటాను. ఇంకో లోపం నేనే చెబుతాను. 1970లలో ఈ ట్యాంకును గీసినప్పుడు దెబ్బ ఎదుటి నుంచి వస్తుందనుకున్నారు. అందుకే కవచం ముందు మందం, నెత్తిన పలచన. డ్రోన్ వచ్చేది నెత్తిమీదికే. 2023 సెప్టెంబరులో అమెరికా సైన్యం ఏబ్రమ్స్‌కు సెప్‌వీ4 అనే మార్పుల్ని ఆపేసి, ఎం1ఈ3 అనే తేలికైన కొత్త ఏబ్రమ్స్ మొదలుపెట్టింది. ట్యాంక్ అక్కర్లేదనుకుంటే కొత్తది ఎందుకు చేస్తారు?

కృష్ణాతీరం: అదీ అలాగే కాలితే?

టర్రెట్: కాలవచ్చు. మా బాబాయి మన సైన్యంలో టీ-72 గన్నర్‌గా చేశారు. కూర్చున్న చోటు కిందే గుండ్లున్నాయన్న సంగతి ఒక్కరోజూ మరిచిపోలేదని చెప్పారు. అందుకే ఏ ట్యాంక్ గురించి చదివినా ముందు గుండ్లు ఎక్కడ పెట్టారో చూస్తాను.